ఈరేష్ ఎంచుకున్న మెరవణి కారు

ఆదోనిలో ఈరేష్ అంటే ‘ఏ ఈరేష్?’ అని అడుగుతారు. జనరేటర్ ఈరేష్ అంటే మాత్రం బడికి పోయే పిల్లలు కూడా వెంటబడి వచ్చి ఇల్లు చూపిస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎవడికి కావాలి? ఊరు తగిలించిన తోకే నిలుస్తుంది. ఆ తోక ఎట్లా తగిలిందో ముందు చెప్పాలి. లేకపోతే ఈ మనిషి ఒక కారు కోసం అంతగా ఎందుకు గంగవెర్రులెత్తాడో మీకు అర్థం కాదు.

ఆస్పరి పక్కన ఒక పల్లె అతనిది. వేరుశనగ వరసపెట్టి ఎండిపోయిన కాలంలో, మీసాలైనా రాకముందే ఆదోనికి వచ్చిపడ్డాడు. పెళ్లిళ్లకు లైట్లు అద్దెకిచ్చే గోవిందన్న దగ్గర పని దొరికింది. మా వైపు పెళ్లంటే మెరవణి లేకుండా ఉండదు. అన్నిటికన్నా ముందు ఎగిరే కుర్రాళ్లు, వాళ్ల వెనక బ్యాండు, రెండు పక్కలా తలమీద లైట్లు మోసేవాళ్లు, నడుమ పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చున్న బండి. చిట్టచివర పొగ కక్కుకుంటూ జనరేటర్. ఆ జనరేటర్‌ను తోపుడుబండి మీద పెట్టి ఊరంతా తోయడం ఈరేష్ పని. పొగంతా అతని ముఖానికే.

ఒక మెరవణిలో బండి కాసేపు ఆగింది. పెళ్లికొడుకును దగ్గర నుంచి చూద్దామని ఆశపడి, చెమట కారుతున్న ముఖంతోనే ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఫోటోలు తీసేవాడు అందరికీ వినబడేట్టు అరిచాడు. “ఏయ్ జనరేటర్! ఫోటోలో పడతాండావు, పక్కకు పో!”

బజారు బజారంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి అదే పేరు.

తర్వాత డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఆలూరు రోడ్డులో షేర్ ఆటో తోలాడు, పెళ్లి చేసుకున్నాడు. అయినా ఆటో ఎక్కేవాళ్లు “ఏం జనరేటర్, ఆలూరుకు సీటుందా?” అనే అడిగేవాళ్లు. కడుపు మండిపోయేది. ఆ మంటలోంచి పుట్టిన కోరిక ఒక్కటే. ఎవరైనా పెద్దింటివాళ్ల మెరవణిలో, ఊరంతా చూస్తుండగా, పెళ్లిబండి స్టీరింగు తన చేతిలో ఉండాలి. ఫోటోలో తను పడాలి. నవ్వినవాళ్లే జరిగి దారివ్వాలి. మనిషన్నాక కోరికలుంటాయి, అందులో తప్పేం లేదు. ఆ కోరిక కోసం పక్కనున్నవాళ్ల గొంతు కోయడమే తప్పు.

పత్తి, ధాన్యం వ్యాపారం చేసే ఇంద్రసేనయ్య కొడుకు వెంకటసాయికి ఎమ్మిగనూరు సంబంధం కుదిరింది. ఆ సంగతి చెవిన పడగానే ఈరేష్ ఆటో పక్కన పెట్టి నేరుగా ఆయన మండీకి వెళ్లాడు.

“సావుకారీ, ఈ కాలంలో గుర్రాలు, జీపులు ఎవురికి గావల్ల? ఫోన్లల్లో చూడు, అందురూ టాపు లేని కార్లల్లో ఊరేగుతాండారు. అట్లాంటిది నేను తెస్తా.”

ఇంద్రసేనయ్య భోంచేసి పళ్లు కుట్టుకుంటున్నాడు. “నువ్వా? తెచ్చి చూపించురా. మావాని మెరవణికి నీ బండే పెడతా. స్టీరింగు నీ చేతికే ఇస్తా, పో” అన్నాడు, పక్కనున్న గుమాస్తా వైపు చూసి కన్నుగీటుతూ. ఆ కన్నుగీటడం ఈరేష్ చూడలేదు. స్టీరింగు అన్న మాట ఒక్కటే విన్నాడు.

కారు ఊరికే వస్తుందా? ఈరేష్ భార్య హులిగమ్మది హాలహర్వి. ఆమె తండ్రి పోయేముందు ఒక ముక్క నల్లరేగడి చేను ఆమె పేర రాసి పోయాడు. ఏటా అందులో పత్తి విత్తేది ఆమె, కలుపు తీసేది ఆమె, ఏరేది ఆమె. ఈరేష్ ఆ గట్టు తొక్కి ఎరగడు. దాన్ని అమ్మేద్దామని కూర్చున్నాడు. ఆమె మొదట వద్దంది. పొయ్యి మీద కూడు తన్నేశాడు. తిండి మానేసి పడుకున్నాడు. చివరికి ఆమె వేలిముద్ర వేస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటే, “ఏడుపేందే? నిన్ను రాణి మాదిరి కార్లో కూచ్చోబెట్టి తిప్పుతా గదా” అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది పాపం, మొగుడితోనే బతకాలి కదా.

కారు చూడడానికి మెకానిక్ యేసేపును వెంటేసుకుని రైలెక్కి బెంగళూరుకు పోయాడు. యేసేపుకు నోట్లో మాట ఆగదు. ఉన్నదున్నట్టు ముఖానే అంటాడు. వాడిన కార్లు అమ్మే ఆవరణలో టాపు లేని బండ్లు మూడు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి రెండు సీట్ల చిన్న కారు, నల్లది. ఇంకొకటీ అట్లాంటిదే, పసుపు రంగుది. మూడోది టాపు కోసేసి వెనక ఎదురెదురు సీట్లు బిగించిన జీపు.

యేసేపు నల్లకారు కింద దూరాడు, బయటికి వచ్చాడు, బానెట్ ఎత్తాడు, స్టార్ట్ చేసి చెవి ఆనించి విన్నాడు. ముఖం వెలిగిపోయింది. “అన్నా, కండ్లు మూసుకుని ఇది తీసుకో. ఇంజను గట్టిగుంది. అడుగున తుప్పు లేదు. మడిచే టాపు గుడ్డ యాడా చిరగలే.”

“నలుపా?” ఈరేష్ ముఖం చిట్లించాడు. “శుభకార్యానికి నల్లబండి తీస్కపోతే సావుకారి చెప్పు తీస్కుంటాడు.”

“రంగు కొట్టించుకోవచ్చప్పా! మంచి ఇంజను కొట్టించుకుంటే వస్తాదా?”

ఈరేష్ ఆ మాట విననేలేదు. అప్పటికే పసుపుకారులో కూర్చున్నాడు. కింద ఆనుకునేంత లోతైన సీటు, చేతికి అందే చిన్న స్టీరింగు. అద్దం తిప్పి తన ముఖం చూసుకున్నాడు. చల్లద్దాలు పెట్టుకుని చూసుకున్నాడు. అవి తీసేసి మళ్లీ చూసుకున్నాడు. పసుపు! పెళ్లంటే పసుపు కాక ఇంకేం కావాలి?

యేసేపు ఆ కారు టాపు పైకి లాగి బిగించి, సీసాడు నీళ్లు దాని మీద గుమ్మరించాడు. లోపల కూర్చున్న ఈరేష్ తొడల మీద టపటపా కారాయి. కాళ్ల కింద పట్టా ఎత్తితే కుళ్లిన వాసన ముక్కు బద్దలు కొట్టింది. స్టార్ట్ చేస్తే గురకలు పెట్టి పెట్టి చివరికి అంటుకుని నీలం పొగ వదిలింది. “ఆయిలు తాగుతాందన్నా ఇది. టాపు జల్లెడ మాదిరుంది. వానొస్తే మునిగిపోతావు” అన్నాడు యేసేపు.

“మన సీమలో వానెప్పుడు పడతాది లేప్పా!”

ఆ మాటకు యేసేపు కూడా నవ్వాడు. నవ్వి, జీపు వైపు చెయ్యి చూపించాడు. “పోనీ అది తీసుకో. నువ్వు ముందర తోల్తావు, పెండ్లివాళ్లు వెనక దర్జాగా కూచ్చుంటారు. మెరవణికి అదే సరి.”

“జీపు గోవిందన్న దగ్గర లేదా? జీపులో డ్రైవరు డ్రైవరే. దీంట్లో కూచ్చుంటే ఓనరు మాదిరి కనపడతా.”

“మరి పెండ్లివాళ్లను యాడ పెడతావు? ఉండేది రెండు సీట్లే గదా.”

ఈరేష్ సీట్ల వెనక, టాపు మడిచి దాచే ఎత్తు మీద అరచేత్తో కొట్టాడు. “ఈడ. దీని మీద దిండేసి కూచ్చోబెడతా. పల్లకీలో దేవుని మాదిరి ఊరందరికీ కనపడతారు.”

యేసేపు చేతులు తుడుచుకున్నాడు. “నాకు ఇంజను సంగతి తెలుసన్నా. పెండ్లి సంగతి నీది.” ఈరేష్ పసుపుదే కొన్నాడు. ఏ లోకంలోనూ ఏ తెలివైనవాడూ వాసన వచ్చే కారును రంగు చూసి కొనడు. కానీ ఆ రంగు కళ్లను కమ్మేశాక ముక్కు పనిచేయలేదు.

కారు ఆదోనికి వచ్చిన రోజు వీధంతా చుట్టూ చేరింది. ఈరేష్ పొంగిపోతూ వెనక ఎత్తు చూపించి, పెళ్లివాళ్లు ఇక్కడ కూర్చుంటారని అందరికీ చెప్పుకున్నాడు. హులిగమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, నెమ్మదిగా అడిగింది.

“ఏమయ్యా, ఇంత పైన కూచ్చుంటే వాళ్ల కాళ్లు యాడ పెట్టుకుంటారు?”

“నీ నెత్తిన పెట్టుకుంటారు!” అన్నాడు ఈరేష్. “పత్తి ఏరుకునే మొగానికి కార్ల సంగతి యాలనే? గమ్మునుండు.”

జనం పకపకా నవ్వారు. ఈరేష్‌కు ఎంత హాయిగా ఉందో! ఇన్నేళ్ల తర్వాత ఊరు నవ్వుతోంది, తనను చూసి కాదు. ఆ రుచి మరిగాడు. ఆ తర్వాత నలుగురు చేరినప్పుడల్లా, “మా ఆడమనిషి కాళ్లు యాడ పెట్టుకుంటారని అడుగుతాది, వినండప్పా” అని మళ్లీ మళ్లీ చెప్పి నవ్వించేవాడు. ఆమె పక్కనే పళ్లేలు కడుగుతూ ఉండేది.

రోజూ పొద్దున్నే కారు కడిగే పని కూడా ఆమెదే. ఎక్కడానికి మాత్రం వీల్లేదు. తోటి ఆటోవాళ్లను ఎక్కించుకుని ఆలూరు దాకా పోయివచ్చాడు, టీకొట్టువాడిని ఎక్కించాడు, ముక్కూముఖం తెలియనివాడిని కూడా ఎక్కించాడు. హాలహర్విలో ఊరి దేవుని పరసకు తీసుకుపొమ్మని ఆమె ఒకసారి నోరు తెరిచి అడిగితే పెట్రోలు దండగన్నాడు. ఒకరోజు కారు తుడుస్తూ, ఎవరూ లేరనుకుని, ఆమె ఆ రెండో సీట్లో ఇట్లా కూర్చుంది. కూర్చుని కాళ్లు చాపుకుందో లేదో, అతను వెనక నుంచి వచ్చి రెట్ట పట్టుకుని ఈడ్చేశాడు. ఆమె మోకాలు రాయికి కొట్టుకుంది.

“సావుకార్ల పెండ్లిబండే ఇది! కూచ్చునే మొగమేనా నీది? చేని దుమ్మంతా అంటిస్తావా?”

వీధిలోవాళ్లు చూశారు. చూసి ఎవరి పనికి వాళ్లు పోయారు. ఆమె లేచి, మోకాలు తుడుచుకుని, తను కూర్చున్న సీటు కూడా తుడిచి లోపలికి పోయింది. ఇట్లాంటి మగవాళ్లను ఏమనాలో నాకు తెలుసు. రాయలేను.

పెళ్లిరోజు వచ్చింది. మంటపం నుంచి ఇంద్రసేనయ్య ఇంటిదాకా మెరవణి. పొద్దు ఇంకా గుంకలేదు. ఈరేష్ ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చల్లద్దాలు, జేబులో కొత్త రుమాలు. కారుకు బంతిపూలు కట్టించాడు, వెనక ఎత్తు మీద ఎర్ర మఖమల్ దిండు వేశాడు. మంటపం గేటు ముందర స్టీరింగు మీద చేతులు పెట్టి కూర్చున్నాడు. ఫోటోలవాడు వచ్చి అతన్ని ఒక ఫోటో తీశాడు కూడా. ఇన్నేళ్ల కడుపుమంట ఆ ఒక్క నిమిషం చల్లారింది.

పెళ్లికొడుకు వెంకటసాయి, పెళ్లికూతురు నందిని బయటికి వచ్చారు. “పైన కూచ్చోండి సార్, దిండేసినా” అన్నాడు ఈరేష్. వెంకటసాయి ఎడమ పక్క ఎక్కి, ఖాళీ సీటులో కాళ్లు పెట్టుకుని సర్దుకున్నాడు. నందినిని నలుగురు ఆడవాళ్లు పట్టి ఈరేష్ వెనక కూర్చోబెట్టారు. ఎక్కి కూర్చోవడమైతే కూర్చుంది కానీ, కాళ్లు ఎక్కడ పెట్టాలి? కింద ఈరేష్ ఉన్నాడు. పట్టుచీర జారుతోంది, మనిషి జారుతోంది. భయపడి ఆమె కాలు చాపింది. పారాణి తడి ఆరని పాదం వచ్చి ఈరేష్ తెల్లచొక్కా భుజం మీద పడింది. రెండో కాలు చెవి పక్కన.

“లక్ష్మీదేవి పాదంరా! కండ్లకద్దుకో జనరేటర్!” అని ఎవరో కుర్రాడు కూశాడు. ఇంకేముంది, మంటపం గేటు కూలిపోయేట్టు నవ్వారు.

పెళ్లికొడుకు తల్లి రుక్మిణి మాత్రం నవ్వలేదు. “అయ్యయ్యో, ఇదేం సోద్యం! కొత్త కోడలి కాళ్ల మధ్యన డ్రైవరు తలకాయా? దింపండి, ముందు దింపండి వాన్ని!” అని నెత్తీ నోరూ కొట్టుకుంది.

ఇంద్రసేనయ్య వచ్చి చూశాడు. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు తీరాక వేలితో సైగ చేశాడు. “దిగురా.”

“సావుకారీ...” ఈరేష్ స్టీరింగు వదల్లేదు. “స్టీరింగు నాదేనని మాటిచ్చినావు గదా.”

“స్టీరింగు నీదేరా. ఇంటికి పోయినంక ఊడబీక్కో. ఇప్పుడు సీటు మావాళ్లది.”

పెళ్లికొడుకు, పెళ్లికూతురు కిందికి దిగి ఆ రెండు సీట్లలో కూర్చున్నారు. స్టీరింగు ముందర వెంకటసాయి. “నేనే తోల్తా నాయనా” అన్నాడు ఉత్సాహంగా. తండ్రి కసిరాడు. “బాసికం కట్టుకుని డ్రైవరు పని చేస్తావా? ఎమ్మిగనూరోళ్లు నవ్వుతారు. ఇంజను ఆపి పెట్టు. రథం తోసినట్ల తోస్తారు.” అని ఈరేష్ వైపు తిరిగాడు. “రా. నీకు అలవాటైన పనే గదా.”

అక్కడే విదిలించుకుని పోయి ఉండొచ్చు. పోలేదు. బండి వాళ్ల చేతికిచ్చి ఎట్లా పోతాడు? తాళం తిప్పకపోతే స్టీరింగు కదలదు. అందుకని తాళంచెవి దానికే ఉంచి, గేరు తప్పించి, వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆనించాడు. బ్యాండు మొదలైంది. ఇంకో ఇద్దరు కూలీలు కాసేపు తోసి, చెమట పట్టగానే లైట్లు మోసేవాళ్లలో కలిసిపోయారు. మిగిలింది అతనొక్కడే. ఫోటోలవాడు వెనక్కి నడుస్తూ కెమెరా ఎత్తి, “అన్నా, నీ తలకాయ మధ్యలో వస్తాంది. రోంత వంగి తోయ్” అన్నాడు. వంగాడు. “ఇంకా వంగు.” ఇంకా వంగాడు. కళ్లకు రోడ్డు తప్ప ఏమీ కనబడలేదు. భుజం మీద పారాణి మరక చెమటకు కరిగి వీపంతా పాకింది. ఫోన్లు పట్టుకుని జనం తీస్తూనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరికి జాలి లేదు. ఈ ఊరికి ఎప్పుడుంది కనుక!

బజారు దాటి మెట్ట ఎక్కేచోట ఈరేష్ ఒంటి బరువంతా బండి మీద వేసి తోస్తున్నాడు. కారు నత్తలా కదులుతోంది. వెంకటసాయి స్నేహితులు చుట్టూ చేరి, “స్టార్ట్ చెయ్ మామా! పెండ్లాం ముందర ఈ తోపుడుబండేంది?” అని రెచ్చగొట్టారు. నందిని చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక ఏ పెళ్లికొడుకు ఆగుతాడు? తాళం తిప్పాడు. యేసేపు ముందురోజే రిపేరు చేసి పెట్టిన ఇంజను వెంటనే అంటుకుంది. గేరు పడింది. పసుపుకారు ఒక్క దూకు దూకి, పొగ ఈరేష్ ముఖాన కొట్టి, బంతిపూలు రాల్చుకుంటూ వెళ్లిపోయింది.

ఈరేష్ చేతుల కింద ఏమీ లేదు. నిలువునా బోర్లా పడ్డాడు. చల్లద్దాలు ముఖం కింద పటపటమన్నాయి. ముక్కు పగిలి రక్తం కారింది.

జనం చప్పట్లు కొట్టారు. అదంతా మెరవణిలో భాగమే అనుకున్నారేమో తెలియదు, అనుకోకపోయినా కొట్టేవాళ్లే. బ్యాండువాళ్లు పాట మార్చి, అతని పక్కనుంచి తప్పుకుని కారు వెంట పరుగెత్తారు. లైట్లవాళ్లు పోయారు. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. ఈరేష్ మోచేతుల మీద లేచి, రక్తం నోట్లోకి పోకుండా తుడుచుకుని, ఎవరైనా ఉన్నారా అని చుట్టూ చూశాడు.

పూలకొట్టు ముందర హులిగమ్మ నిలబడి ఉంది. మెరవణి చూడడానికి రావద్దని పొద్దున్నే చెప్పి వచ్చాడు, అయినా వచ్చింది. ఈరేష్‌కు ప్రాణం లేచివచ్చింది. ఒక చెయ్యి ఆమె వైపు చాపాడు.

ఆమె నవ్వుతోంది. మొదట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అది కూడా తీసేసింది. ఊరందరితో కలిసి, ఊరందరికన్నా గట్టిగా, కళ్లలోంచి నీళ్లు కారేట్టు నవ్వుతోంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె నోటి వెంట అట్లాంటి నవ్వు అతను వినలేదు.

పూలమ్మే ఆమె ఆ చాచిన చెయ్యి చూసింది. “ఏమమ్మా, నీ పక్కే సూస్తాండాడు. మీ మనిషా?” అని అడిగింది.

హులిగమ్మ కళ్లు తుడుచుకుంది. ఈరేష్ ముఖంలోకి తిన్నగా చూసింది.

“కాదక్కా. ఎవురో నాకు తెల్దు.”

అని, చెంగు సర్దుకుని, బ్యాండు వినబడే వైపు జనంతో పాటు నడిచిపోయింది.